మనోవైద్యుని మనోవ్యాధి

శ్రీకాకుళము పట్టణము నానుకొని యున్న మా అరసవల్లికి ఏడాది పొడుగునను రోగార్తులు వచ్చుచుందురు. కన్నుల జబ్బులవారును, చర్మవ్యాధులవారును ఇంద్రపుష్కరిణిలో మునిగి, సూర్యనారాయణస్వామికి మ్రొక్కుకొని పోవుదురు. రథసప్తమినాడు వీథిలో కాలు పెట్టుటకు చోటుండదు. ఏడవ శతాబ్దమున కళింగమును పాలించిన గంగవంశపు రాజు దేవేంద్రవర్మ ఈ యాలయమును కట్టించెనని చెప్పుదురు. స్థలపురాణము మాత్రము ఇంకొక కథ చెప్పును. ఇంద్రుడు వేళగాని వేళ కోటీశ్వరుని దర్శనమునకై బలవంతముగా లోనికి చొరబోగా, ద్వారము కడనున్న నంది కాలితో తన్నెనట. ఇంద్రుడు దూరముగ పడి తెలివి తప్పెనట. ఆ మూర్ఛలో వచ్చిన స్వప్నము ననుసరించి, లేచిన పిమ్మట వజ్రాయుధముతో నేల త్రవ్వగా సూర్యవిగ్రహము దొరకెననియు, దానిని ప్రతిష్ఠించి యాతడు స్వస్థుడయ్యెననియు కథ. మా పాఠశాలలో పురాణమును చరిత్రగా బోధింపము. అయినను ఈ కథలో ఒక సంగతి మాకెప్పుడును వింతగ తోచును. ఇందరు రోగులు ఆశతో వచ్చెడి చోటును ఏర్పరచినవాడు దెబ్బ యెఱుగని యారోగ్యవంతుడు కాడు, పడి లేచినవాడు.

ఈ సంగతి ఈ యేడు మాకు మరల మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. మా పాఠశాలలో పది తరగతులును చదివి, పట్నమునకు పోయి, మనస్తత్వశాస్త్రమున పట్టము పొంది, మనోరోగులకు చికిత్స చేయు విద్యను అభ్యసించుచున్న యొక పూర్వవిద్యార్థి గత వేసవిలో ఇంటికి వచ్చి యుండెను. సెలవులకు వచ్చెననుకొంటిమి. నిజమునకు ఆతనికే క్రుంగుబాటు వ్యాధి వచ్చినది. నాలుగు నెలలు సరిగ నిద్ర లేదు, తిండి సయింపలేదు, పుస్తకము తెరచిన ఒక్క పంక్తియు తలకెక్కలేదు, ఎవరితోనైనను మాటలాడవలెనన్న కొండ యెత్తినట్లుండెను. తుదకు వైద్యుని కడకు పోయి, మందులు వాడుచు తేరుకొనుచుండగా, ఆతడు చదువుచున్న చోటి పెద్ద యొకరు, “నీకు ఈ వృత్తి తగదు, వేరొక దారి చూచుకొనుము” అని చెప్పిరట. ఇంటి కడ నాయనమ్మ అంతకన్న సూటిగ నడిగినది: “ఏటిరా బాబూ, నీ మనసే నీకు కుదుట్లేదు, మరొకరి మనసు నువ్వేటి కుదుర్తావు?”

ఒక సాయంకాలము పుష్కరిణి గట్టున కూర్చుండి, ఆతడు ఈ మాటనే మాకు చెప్పి, “మాస్టారూ, మా నాయనమ్మకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదండి” అనెను. మా దగ్గరను అప్పుడు లేకుండెను. పిదప కొంత చదివితిమి. తెలిసినవారిని కొందరిని అడిగితిమి. ఆతని యనుమతితో, ఆతని పేరు చెప్పక, మేము తెలిసికొనిన దానిని ఇచ్చట వ్రాయుచున్నాము. పై తరగతులలో వైద్యవిద్యకు పోగోరువారు పెక్కుమంది యున్నారు గనుక వారికిని ఇది యక్కరకు వచ్చును.

మనసునకు జబ్బు వచ్చునన్న సంగతి మనవారికి క్రొత్త కాదు. చరకసంహితలో నిదానస్థానమునను చికిత్సాస్థానమునను ఉన్మాదమునకు వేర్వేరు అధ్యాయములు కలవు. వాతము, పిత్తము, కఫము అను వానిలో నొక్కొక్క దానివలనను, మూడును కూడుట వలనను, వెలుపలి కారణముల వలనను కలుగునని దానిని ఐదు విధములుగ చెప్పిరి. నేటి శాస్త్రము ఆ విభాగము నంగీకరింపకపోవచ్చును గాని, ఇది నింద కాదు, చికిత్సకు తగిన వ్యాధి యను దృష్టి అందు కలదు. ఊళ్లలో నేటికిని ‘గాలి సోకినది’ అని తాయెత్తు కట్టించు వారి కంటె ఆ ప్రాచీన వైద్యులే మనకు దగ్గరివారని యొక్కొక్కప్పుడు తోచును.

వ్యాధి యన్న పిమ్మట అది యెవరికైనను వచ్చును. జ్వరము వైద్యుని గుర్తుపట్టి తప్పుకొని పోదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో పండ్రెండు రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, పెద్దవారిలో నూటికి 10.6 మంది అప్పటికి ఏదో యొక మానసిక వ్యాధితో నుండిరని తేలెను. ఆ పండ్రెండింటిలో మన రాష్ట్రము లేదు. వ్యాధిని బట్టి నూటికి డెబ్బది మొదలు తొంబదిరెండు మంది వరకు చికిత్స లేకయే యుండిరని కూడ అందు వ్రాసిరి. వైద్యులు కాబోవువారి సంగతి చూడుడు. జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళము 2024లో వెలువరించిన నివేదికకై 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులును, 5,337 మంది పై పట్టముల విద్యార్థులును ప్రశ్నలకు జవాబులిచ్చిరి. మొదటివారిలో నూటికి 27.8 మందియు, రెండవవారిలో నూటికి 15.3 మందియు తమకు మానసిక వ్యాధి కలదని తామే చెప్పిరి. ఇది తమంత తాముగా జవాబిచ్చినవారి లెక్క గనుక అందరికిని అట్లే అన్వయింపరాదు. అయినను మన విద్యార్థి యొంటరివాడు కాడని చెప్పుటకు ఇది చాలును.

మరి యింతమంది యుండగా మనకొక్కరును కనబడరేమి? దాచుకొందురు గనుక. హైదరాబాదులో ఎర్రగడ్డ యను పేట పేరు, అచ్చట మానసిక వైద్యశాల యుండుట చేతనే, తిట్టుగా మారినది. చలనచిత్రములలో ఆ పేరు వినబడిన నవ్వుదురు. రోగికే యింత తలవంపులైనప్పుడు, ఆ రోగమును కుదుర్చవలసిన వాని గతి యేమని చెప్పవలెను? ‘దీపము క్రింద చీకటి’ అను సామెత యాతని కొరకే పుట్టినట్లు జనులు వాడుదురు. చదువు పోవునని యొకడు, కొలువు పోవునని యొకడు, పెండ్లి సంబంధము తప్పునని యొకతె నోరు మూసికొందురు. నోరు మూసికొనినవాడు వైద్యుని కడకును పోడు. తన మందు తానే వ్రాసికొనుటయో, అసలు మానుకొనుటయో చేయును. అపాయమంతయు ఇచ్చటనే మొదలగుచున్నది.

దాచుకొనక, లేదా చాలకాలము దాచి తుదకు చెప్పి, తమ వ్యాధినుండియే విద్యను తీసినవారు కొందరు కలరు. మన తెలుగునాట ఇట్లు బహిరంగముగ చెప్పిన ప్రసిద్ధులెవరును మా యెఱుకలో లేనందున, అమెరికావారి కథలనే చెప్పుచున్నాము.

మొదటివాడు ఆంటన్ బాయిసన్. ఈయన 1876లో జన్మించెను. మొదట అటవీశాస్త్రము చదివి, పిమ్మట క్రైస్తవ బోధకుడయ్యెను. 1920లో, నలుబది నాలుగేండ్ల ప్రాయమున, మతి తీవ్రముగ చలింపగా మసాచుసెట్స్ రాష్ట్రములో పిచ్చాసుపత్రి పాలయ్యెను. ఏడాదికి పైగా అందుండెను. మతి కుదుటపడిన దినములలో ఆయన చుట్టును చూచి, శరీరమునకు మందిచ్చువారు కలరు గాని, ఈ మనుష్యుల భయములును, దర్శనములును, పశ్చాత్తాపములును ఏమి చెప్పుచున్నవో చెవియొగ్గి వినువారు లేరని గ్రహించెను. విడుదలయైన పిదప, 1924లో, అదే రాష్ట్రములోని వూస్టర్ మానసిక వైద్యశాలలో గురువుగా కుదిరెను. మరుసటి యేడు వేసవిలో నలుగురు వేదాంతవిద్యార్థులను పిలిపించి, పుస్తకములతో పాటు రోగులనుగూడ గ్రంథములవలె చదువుట నేర్పెను. అటుపిమ్మట ఆస్పత్రులలో గురువులకు శిక్షణ యిచ్చు పద్ధతి యా నలుగురితో ఆరంభమై దేశదేశములకు వ్యాపించెను. బాయిసన్‌కు వ్యాధి పూర్తిగ పోలేదు. 1930 తరువాతను తిరుగబెట్టెను. తేరుకొని మరల పనిలో చేరెను. 1965లో మరణించువరకును ఆయన తన వ్యాధిని దాచలేదు.

రెండవ కథ మాకు ఎక్కువ ప్రియమైనది. 1961లో కనెక్టికట్ రాష్ట్రపు హార్ట్‌ఫర్డ్ నగరములో ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్’ అను మానసిక వైద్యశాలకు పదునేడేండ్ల బాలిక యొకతెను తీసికొనివచ్చిరి. పేరు మార్షా లైన్‌హాన్. తన శరీరమును తానే గాయపరచుకొనెడి వ్యాధి. ఆమెను ఒంటరి గదిలో నుంచిరి, బలమైన మందులిచ్చిరి, విద్యుచ్చికిత్స చేసిరి. ఏదియు పనిచేయలేదు. రెండేండ్లకు పైగా అచ్చటనుండి 1963లో బయటపడెను. ఈ నరకమునుండి తాను బయటపడి, తిరిగి వచ్చి తక్కినవారిని బయటికి తెత్తునని ఆమె అచ్చటనే శపథము చేసికొనినదట. బడిపిల్ల వయస్సున చేసికొనిన శపథములు ఎన్ని నిలుచునో మా కనుభవమే. ఈమెది నిలిచినది.

ఆమె కొలువు చేయుచు రాత్రి తరగతులలో చదువుకొని, 1971లో మనస్తత్వశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, పిదప సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యురాలయ్యెను. తనవంటి రోగులనే, తక్కిన వైద్యులు చేయి విడిచినవారినే, కోరి చేర్చుకొనెను. వారితో ‘నీవు మారవలెను’ అని మాత్రమే చెప్పిన, తమ బాధ యెవరికిని అర్థము కాలేదని తిరుగబడుచుండిరి; ‘నీ బాధ నిజము’ అని యూరక యోదార్చిన, ఉన్నచోటనే యుండిపోవుచుండిరి. ఉన్నదానిని ఉన్నట్లు ఒప్పుకొనుట, అయినను దానిని మార్చుకొనుట అను ఈ రెండెడ్లను ఒక్క కాడికి కట్టినదే ఆమె కనుగొనిన ‘డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ’. అందు రోగి వారమున కొకసారి వైద్యునితో ఏకాంతముగ మాటలాడును. మరియొక దినమున పదిమందితో కూర్చుండి, దుఃఖము పొంగినప్పుడు ఓర్చుటెట్లు, కోపమును గుర్తించుటెట్లు, ఎదుటివాని నడుగవలసిన దానిని గౌరవముతో అడుగుటెట్లు అను విద్యలను ఇంటిపాఠములతో సహా నేర్చును. 1991లో ప్రకటించిన పరీక్షలో, ఈ చికిత్స పొందిన స్త్రీలు సామాన్య చికిత్స పొందినవారి కంటె తమ్ము తాము గాయపరచుకొనుట తగ్గినదని కనబడెను. నేడు పెక్కు దేశములలో దీనిని వాడుచున్నారు.

ఈ చికిత్సలో మన ప్రశ్నకు పనికివచ్చు భాగమొకటి కలదు. వైద్యులు కూడ వారమున కొకసారి ఒకచోట చేరి, తమకు కలిగిన అలసటను, భయమును, రోగిపై వచ్చిన విసుగును ఒకరితో ఒకరు చెప్పుకొని సరిదిద్దుకొనవలెను. ఇది యిష్టమైనవారు చేయునది కాదు. చికిత్సలో నొక యంగము. వైద్యుని మనసు ఎల్లప్పుడును నిండుకుండవలె తొణకకయుండునన్న భ్రమతో ఆమె తన పద్ధతిని కట్టలేదు. తొణకును, కావున పట్టుకొను చేతులు ఉండవలెనని కట్టినది.

తన పూర్వకథను మాత్రము ఆమె అర్ధశతాబ్దము దాచెను. ఒకనాడు చికిత్సకు వచ్చిన రోగి యొకతె ఆమె చేతులపైని పాత మచ్చలను చూచి, మీరును మాలో ఒకరా యని యడిగినది. ఔనన్నచో తమవంటివారికెంత ధైర్యమో యనియు చెప్పినదట. ఆ ప్రశ్న ఆమెను విడువలేదు. 2011 జూను నెలలో, తన్ను ఒకప్పుడు గదిలో బంధించిన యా హార్ట్‌ఫర్డ్ వైద్యశాలకే తిరిగిపోయి, బంధుమిత్రుల యెదుటను వైద్యుల యెదుటను జరిగినదంతయు చెప్పెను. అప్పటి కామెకు అరువదియెనిమిదేండ్లు. ఇంత కీర్తి గలిగిన పిమ్మటను నోరు తెరచుటకు ఆమెకు అన్నాళ్లు పట్టినదన్నచో, ఇరువది మూడేండ్ల మన విద్యార్థి నోరు పెగలకుండుట వింత కాదు.

మూడవది కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ కథ. ఈమెది ఉద్రేకమును విషాదమును మార్చి మార్చి వచ్చు బైపోలార్ వ్యాధి. దానికి లిథియము మందు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఈ లవణము ఉద్రేకమును అణచునని ప్రకటించెను. ఇది మందగు మోతాదునకును విషమగు మోతాదునకును మధ్య నెడము బహు స్వల్పము. అందుచేత రక్తపరీక్షలు చేయించుకొనుచు వాడవలెను. జేమిసన్ మనస్తత్వశాస్త్రజ్ఞురాలై యుండియు, కొంచెము బాగుపడగానే మందు మానుచు వచ్చెను; మానినప్పుడెల్ల వ్యాధి తిరుగబెట్టెను; ఒకసారి ప్రాణము మీదికి వచ్చెను. తెలిసినవారే యిట్లు చేసిన తెలియని వారి నేమనగలము? తుదకు మందును, మాటలతోడి చికిత్సయు రెండును కావలెనని తెలిసికొనెను. 1990లో ఫ్రెడరిక్ గుడ్విన్‌తో కలసి ఆ వ్యాధిపై ప్రామాణికమైన పెద్ద గ్రంథము వ్రాసెను. ఆ గ్రంథకర్త్రి తానే యా రోగి యని 1995లో ‘యాన్ అన్‌క్వైట్ మైండ్’ అను ఆత్మకథలో లోకమునకు చెప్పెను. తాను పనిచేయు వైద్యకళాశాలలో అధిపతికి భయపడుచు ఈ సంగతి తెలుపగా, ఇట్టివారినెల్ల తీసివేసిన మన యధ్యాపకవర్గము చిన్నదగుటయే కాక చప్పిడి యగునని ఆయన నవ్వెనట. అట్టి పెద్దలు అందరికిని దొరకరు. స్కిజోఫ్రీనియా గలిగియు ఓహాయోలో నొక మానసిక వైద్యశాలయందు మనస్తత్వ విభాగమునకు అధిపతిగా నుండి, 2018లో మరణించిన ఫ్రెడ్ ఫ్రీజ్ కథయు ఇట్టిదే.

ఇంతవరకు చదివినవారు ఒక ఆక్షేపణ తెత్తురు, తేవలెను కూడ. వైద్యుని మనసు చెదరియున్నప్పుడు రోగికి హాని కలుగదా? కలుగును. ఉద్రేకమున నున్నవాడు తన తీర్పులన్నియు సరియైనవే యనుకొనును. క్రుంగుబాటున నున్నవాడు ఎదుటి రోగికి ఆశ చెప్పలేడు. అట్టి దినములలో ఆతడు రోగిని చూడరాదు. సెలవు తీసికొని తన వైద్యుని చూడవలెను. ఇందు మాకు సందేహము లేదు. కాని వ్యాధి కలిగియుండుట వేరు, పనికి అశక్తుడగుట వేరు. మధుమేహము గల శస్త్రవైద్యుడు కత్తి పట్టరాదని యెవరును అనరు. చక్కెర పడిపోయి చేయి వణకుచున్న గడియలో పట్టరాదని మాత్రమే యందురు. ఆ గడియను కనిపెట్టవలెనన్న ప్రక్కవారికి సంగతి తెలిసియుండవలెను. తెలియజేసినవానిని వెడలగొట్టిన యెడల, తక్కిన వారందరును దాచుట నేర్చుకొందురు. రోగుల క్షేమము కొరకని పెట్టిన కఠిననియమమే ఇట్లు రోగుల నపాయమునకు త్రోయును. మన విద్యార్థికి వేరు దారి చూచుకొమ్మనిన పెద్ద ఈ సంగతి యాలోచించినట్లు లేదు.

మన దేశపు శాసనములును ఈ విషయమున మౌనముగ లేవు. 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన 2017 మానసికారోగ్య సంరక్షణ చట్టము, ఒకడు పూర్వము మానసిక చికిత్స పొందెనన్న యొక్క కారణము చేతనే ఆతనిని నేడును రోగి యని నిర్ణయింపరాదనుచున్నది. చికిత్స సంగతులు గుట్టుగ నుంచుట రోగి హక్కనియు చెప్పుచున్నది. 2016 వికలాంగుల హక్కుల చట్టము మానసిక వ్యాధిని తన పట్టికలో చేర్చి, కొలువులలో వివక్షను నిషేధించినది. 2021 డిసెంబరు 17న సుప్రీంకోర్టు, కేంద్ర రిజర్వు పోలీసు దళపు అధికారి యొకరి వ్యాజ్యమున, మానసిక వైకల్యము గల యుద్యోగికి క్రమశిక్షణ చర్యల సందర్భమునను ఈ చట్టపు రక్షణ కలదని తీర్పు చెప్పినది. చట్టము పుస్తకములో నుండుట వేరు, పెద్దలకు తెలిసియుండుట వేరు; ఈ కాగితములను మేము అచ్చు తీసి మన విద్యార్థి చేతికిచ్చితిమి.

మా చదువరులలో ఎవరికైనను, వారి యింటివారికైనను ఇట్టి బాధ కలిగినచో, 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ‘టెలి మానస్’ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైనది, రూకలు తీసికొనరు, తెలుగులో మాటలాడుదురు. ఆస్పత్రికి పోవలసివచ్చిన, మన జిల్లావారికి విశాఖపట్టణములోని ప్రభుత్వ మానసిక వైద్యశాల నూరు కిలోమీటర్ల దూరమున కలదు. స్వామికి మ్రొక్కుకొని పోవువారిని మేము వలదనము. మ్రొక్కుబడి పేరిట మందు మానరాదు.

ఇక నాయనమ్మ ప్రశ్న. వర్షములు మొదలైన పిమ్మట ఒక ఆదివారము వారి యింటికి పోయి, లైన్‌హాన్ కథను మాకు చేతనైన తెలుగులో ఆమెకు చెప్పితిమి. ఆమె చెవి సరిగ వినబడదు. ఆ రోగి మచ్చలు చూచి యడిగిన ఘట్టమును రెండుసార్లు చెప్పించుకొనినది. విని, చాలసేపు మాటలాడలేదు. తరువాత, “నా చిన్నప్పుడు మా పెద్దప్పకి ఇలాగే అయింది. గదిలో ఎట్టి తాళమేసీవోరు. అడగడానికి ఎవులూ లేరు” అని మనుమని వైపు చూచినది. ఆ పెద్దప్ప మాట ఆ యింటిలో అంతకు మున్నెవరును విని యుండలేదట.

మన విద్యార్థి చదువునకు తిరిగిపోయినాడు. ఈసారి తన యధ్యాపకులలో నొకరికి సంగతి చెప్పి, తన వైద్యుని పేరును వారికిచ్చి, చేరినాడు. ముందేమగునో మాకు తెలియదు. రాత్రి యెనిమిది గంటలకు నాయనమ్మ ఫోను చేయునట. కుశలప్రశ్న యుండదు. “మాత్ర ఏసుకున్నావేటి?” అని యడిగి, ఔనని విని పెట్టివేయునట.